కొవ్వులో గింజలు

1968 సెప్టెంబరు 9, శ్రీకాకుళం

మొలలు కావని డాక్టరు అన్నాడు. ఆయన పొరబడి ఉండొచ్చు.

సెప్టెంబరు 10

ఇంతకుముందు డైరీ రాయలేదు. రాసిందంతా పత్రికకు పంపేవాణ్ని. ఇది పంపడానికి లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

వేసవి నుంచి దొడ్డికి వెళ్లినప్పుడు రక్తం పడుతోంది. మొదట అప్పుడప్పుడు, తర్వాత తరచుగా. అరసవల్లిలో ఒకాయన మొలలకు లేహ్యం ఇస్తాడంటే తెచ్చుకుని తిన్నాను. తగ్గిందనుకున్నాను. తగ్గలేదు. బెల్టుకు కొత్తగా బెజ్జం పొడిపించాల్సి వచ్చింది. ఎండల్లో తిరుగుడు వల్ల అనుకున్నాను. నిన్న ఇక్కడి డాక్టరు తొడుగు వేసుకుని వేలితో పరీక్ష చేశాడు. వేలి చివరకు ఏదో గట్టిగా తగిలీ తగలనట్టు ఉందన్నాడు.

"తగిలిందా, తగల్లేదా?" అని అడిగాను.

"విజయనగరంలో నరసింగరావు గారికి చూపించండి. సర్జన్" అని చీటీ రాసిచ్చాడు.

తగిలీ తగలనట్టు అనేది వార్త కాదు.

మొలలకే విజయనగరం వెళ్తున్నానని లక్ష్మణమ్మకు చెప్పాను.

సెప్టెంబరు 14, విజయనగరం

డాక్టర్ నరసింగరావు నా వయసువాడే. మాట తక్కువ. బల్ల మీద మోకాళ్ల మీద వంగోమన్నాడు. చివర చిన్న దీపం ఉన్న ఇనుప గొట్టం లోపలికి పోనిచ్చాడు. దాంట్లో ఒంటికన్ను పెట్టి చాలాసేపు చూశాడు. బాధ ఉంది, కానీ ఓర్చుకోగలిగిందే. పెద్దపేగు చివరి వంపులో పుండు లాంటిది కనిపించిందట. అంచులు పైకి లేచి ఉన్నాయట. చిన్న ముక్క గిల్లి తీసి సీసాలో వేశాడు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్తుంది. అక్కడ సూక్ష్మదర్శిని కింద చూస్తారు.

"అదే అయితే ఏ స్టేజీ?" అని అడిగాను.

ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. తల తిప్పలేదు.

"ఆ ప్రశ్న మొదట అడిగేది కాదు నూకయ్యగారూ. చివర అడిగేది."

దాస్తున్నాడనుకున్నాను. అధికార్లందరూ ఇలాగే అంటారు. వరదలో ఎన్ని ఊళ్లు మునిగాయో మొదటిరోజే తెలుసు, చెప్పరు.

సెప్టెంబరు 15

మొలలే కావచ్చు.

సెప్టెంబరు 24, శ్రీకాకుళం

విశాఖపట్నం నుంచి జవాబు వచ్చింది. కేన్సరే. మొన్న అక్కడికే వెళ్లి బేరియం ఎక్స్‌రే కూడా తీయించుకున్నాను. తెల్లటి సుద్దనీళ్లు కింది నుంచి పేగులోకి ఎక్కించి ఫొటో తీస్తారు. ఫొటోలో పేగు వెడల్పుగా వచ్చి, ఒకచోట ఉన్నట్టుండి కుంచించుకుపోయి, మళ్లీ వెడల్పయింది. తిని పారేసిన జామకాయ మధ్యభాగంలా ఉంది. ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదు.

లక్ష్మణమ్మకు చెప్పాను. పెరట్లో చేపలు ఆరబెడుతోంది. చేతిలోది కింద పెట్టలేదు.

"ఎవులు సెప్పినారు?"

"విశాఖపట్నం వాళ్లు."

"వొకులేనా?"

అది నా మాట. ఒక మనిషి చెప్పిందాన్ని వార్తగా పంపనని ఇరవై ఏళ్లుగా ఇంట్లో అంటూనే ఉన్నాను. కూరలో ఉప్పు ఎక్కువైందంటే కూడా "ఇంకెవులు సెప్పినారు మావా, రూఢీయేనా?" అని నన్ను ఆటపట్టిస్తుంది. ఈరోజు ఆటపట్టించడం లేదు.

"ఇద్దరు చూశారు. రూఢీయే" అన్నాను.

చేప తిరగేసి ఎండలో పెట్టింది.

"మరి ఎంతవరకు పాకినాది?"

"అది చివర తెలుస్తుందిట."

సెప్టెంబరు 26

కళింగపట్నం నుంచి ఎల్లాజీ వచ్చాడు. లక్ష్మణమ్మ తమ్ముడు. ఎండుచేపల వ్యాపారం. అక్క కబురు పెట్టింది. బుట్టతో వంజరం తెచ్చాడు. నా ముందు కూర్చుని బుట్ట మీద ఆకులు సర్దాడు. నోరు మూసుకోవడం వాడికి చేతకాదు.

"ఎన్నో నెంబరు ఎత్తినారు బావా?" అన్నాడు చివరికి.

మేమిద్దరం రేవులో పుట్టినవాళ్లం. పోర్టు జెండాకర్ర మీద సిగ్నల్ చూసి పడవ దించాలో కట్టాలో తెలుసుకునేవాళ్లం. చిన్న నెంబరైతే ఎక్కడో దూరంలో. పెద్దదైతే ఊరు ఖాళీ చెయ్యి.

"ఇంకా ఎత్తలేదు" అన్నాను.

"అయితే దూరంగా ఉన్నాదన్నమాట. నీకేటీ అవదు." లేచి అక్కను కేకేశాడు. "ఒసే అప్పా! బావ సిక్కిపోనాడు, సేప బాగా ఎయ్యి!"

పత్రిక డెస్క్ నుంచి తంతి వచ్చింది, పార్వతీపురం వెళ్లి ఏజెన్సీ కొండల వార్తలు పంపమని. వెళ్లలేనని తిరుగు తంతి ఇచ్చాను. కారణం రాయలేదు.

అక్టోబరు 2

గజపతినగరం వెళ్లాను. సంతలో మేకల ధర, వేరుశెనగ ధర, గాంధీ జయంతి సభ. మూడూ ఒకే వార్తలో పంపాను. బస్సులో రెండుసార్లు ఆపించుకోవాల్సి వచ్చింది.

అక్టోబరు 6, విజయనగరం

ఈరోజు లక్ష్మణమ్మ కూడా వచ్చింది. వచ్చే సోమవారం ఆపరేషను. స్టేజీ అంటే ఏమిటో ఆయన ఈరోజు చెప్పాడు. ఇద్దరం విన్నాం. మర్చిపోకముందే రాస్తున్నాను.

నేను మొదలుపెట్టిందే తప్పుగా. జెండాకర్ర సంగతి చెప్పి, నాది ఎన్నో నెంబరని అడిగాను. ఆయన మొదటిసారి నవ్వాడు.

"మీ సిగ్నల్ తుపాను రాకముందు ఎత్తేది. నేను చెప్పేది నీరు తీసిన తర్వాత చెప్పేది. వరద వార్తలు మీరు రాసే ఉంటారు. నీరు ఎంతవరకు వచ్చిందో ఎలా తెలుసుకుంటారు?"

"గోడల మీద మడ్డి గీత చూసి."

"నేనూ అంతే. ఇప్పుడు మీ కడుపు పైనుంచి నొక్కి చూస్తున్నాను, గొట్టం పెట్టి చూశాను, ఎక్స్‌రే చూశాను. వీటితో అక్కడ ఏదో ఉందని తెలుస్తుంది, ఎక్కడుందో తెలుస్తుంది. ఎంత లోతుకు వెళ్లిందో తెలీదు. కడుపు తెరిచాక కాలేయం మీద చెయ్యి పెట్టి తడుముతాను. అక్కడ గడ్డలు తగిలితే ఇక లెక్క అక్కర్లేదు. తగలకపోతే జబ్బున్న పేగును అటూ ఇటూ కొంత కలుపుకుని కోసి తీసేస్తాను. మిగతాది చెప్పేది, ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసే పాథాలజిస్టు."

ఆయన చెప్పింది నేను వరదలాగే అర్థం చేసుకున్నాను. పేగు గోడ ఒక గట్టు. గట్టుకు పొరలున్నాయి. జబ్బు గట్టు లోపలే ఆగిపోతే 'ఏ' స్టేజీ. గట్టు తెగి బయటికి వస్తే బి. గట్టు బయట కాలవల్లోకి దిగి వేరే ఊళ్లకు చేరితే సి. ఇంగ్లండులో ఒక పాథాలజిస్టు చాలా ఏళ్ల కిందట పెట్టిన లెక్కట. ఇప్పుడు డి అని ఒకటి కలుపుతున్నారట, కాలేయం దాకా వెళ్లినదానికి.

"ఆ వేరే ఊళ్లంటే ఏటి బాబూ?" అని లక్ష్మణమ్మ అడిగింది.

"లింఫు గ్రంథులమ్మా. గింజల్లా ఉంటాయి. కొన్ని పప్పుబద్దంత, కొన్ని ఆవగింజంత."

"ఎక్కడుంటాయి?"

"పేగును పట్టుకుని కొవ్వు ఉంటుంది చూడండి, ఆ కొవ్వులో. పాథాలజిస్టు కొవ్వునంతా వేళ్లతో చిదిమి ఒక్కో గింజనూ వెతికి తీసి, కోసి, సూక్ష్మదర్శిని కింద చూస్తారు. గింజలన్నీ శుభ్రంగా ఉంటే బి. ఒక్కదాంట్లో ఉన్నా సి."

"సేప కడుపులో ఉన్నట్టే" అంది ఆవిడ.

ఏమిటి తేడా అని అడిగాను. ఆయన కాస్త ఆలోచించి చెప్పాడు. ఇంగ్లండు లెక్కలు ఇవి. ఐదేళ్ల తర్వాత 'ఏ' వాళ్లు పదిమందిలో తొమ్మిదిమంది తిరుగుతూ ఉంటారు. బి వాళ్లు ఆరుగురు. సి వాళ్లు ముగ్గురు. సి అయితే మద్రాసు పంపుతాడు. బి అయితే ఇంటికి.

తిరిగి వస్తూ బస్సులో లక్ష్మణమ్మ కిటికీ వైపు చూస్తూ అంది:

"ఆ ముగ్గుర్లో నువ్వు ఒకడివి కాకూడదని ఏటీ లేదు కదా."

నాది 'ఏ' అయి ఉంటుంది.

అక్టోబరు 13

ఆసుపత్రిలో చేరాను. రేపు.

ఎల్లాజీ వరండాలో పడుకున్నాడు. గురక ఇక్కడికి వినిపిస్తోంది.

అక్టోబరు 19

మళ్లీ రాయగలుగుతున్నాను. పెన్సిలుతో.

కుట్ల దగ్గర నొప్పి. దగ్గితే ప్రాణం పోయినట్టుంటుంది, అందుకని దగ్గడం లేదు. నిన్నటి నుంచి గంజి తాగనిస్తున్నారు.

డాక్టరు నిన్న చెప్పినవి: కాలేయం నున్నగా ఉంది, ఏమీ తగల్లేదు. జానెడు పేగు తీశాడు. మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టాడు, పొట్ట మీద సంచీ అక్కర్లేదు. తీసిన ముక్కను ఫార్మలిన్ అనే మందునీళ్లలో రెండ్రోజులు నానబెట్టి, బుధవారం ఎల్లాజీ చేత విశాఖపట్నం పంపారు. ఇక్కడ పాథాలజీ లేదు. రోగి తాలూకు మనిషే సీసా పట్టుకెళ్లడం మామూలట. నర్సు దానమ్మ సీసా మూతకు మైనం పూసి, గుడ్డ చుట్టి ఇచ్చిందట. ముక్క మందునీళ్లలో మునిగి ఉండాలని రెండుసార్లు చెప్పిందట. ఎల్లాజీ వెళ్లినప్పుడు నాకు తెలివి అంతంతమాత్రం.

కాలేయం నున్నగా ఉంది. 'ఏ' అయి ఉంటుంది.

అక్టోబరు 20

ఎల్లాజీ వచ్చాడు. రెండ్రోజులు ఊరెళ్లి పడవ సంగతి చూసుకొచ్చాడు. మంచం అంచున కూర్చున్నాడు. లక్ష్మణమ్మ గంజి గ్లాసు పట్టుకుని ఉంది. విశాఖపట్నం ఎలా వెళ్లావని అడిగాను. అడిగిందే చాలన్నట్టు మొదలుపెట్టాడు. వాడి మాటలు వాడి మాటల్లోనే రాస్తున్నాను.

"నీకేటి తెలుస్తాది బావా, నువ్వు మత్తులో ఉన్నావు. నర్సమ్మ సీసా ఒల్లో ఎట్టుకోమన్నాది. రైలెక్కి ఒల్లోనే ఎట్టుకున్నాను. అలమండలో ఒకడు ట్రంకుపెట్టె ఎక్కించి పైబల్ల మీద ఎట్టినాడు. కంటకాపల్లి దాటినాక బండి కుదిపినాది. ఆ పెట్టె సక్కా వచ్చి నా ఒల్లో పడ్డాది. తొడ సూడు, ఇంకా నల్లగున్నాది."

"సీసా?"

"సీసా పగిలిపోనాది. మందునీళ్లు కారిపోనాయి. ఓలమ్మో, ఏటి గాటు బావా! బోగీలో అందరికీ కళ్లంట నీళ్లే. ఒక ముసిల్ది 'ఏటి తెస్తన్నావురా పాపిష్టోడా, మా పేణాలు తీస్తావేటి' అని ఒకటే తిట్లు. 'మా బావ పేగు' అన్నాను. అంతే. కొత్తవలసలో రెక్క ఒట్టుకుని దింపీసినారు."

నాకు నవ్వు వచ్చింది. కుట్లు లాగాయి. పొట్ట పట్టుకున్నాను.

"ముక్కేం చేశావురా?"

"తువ్వాల్లో మూట కట్టుకున్నాను. వొగ్గెస్తానేటి? నీ ఒంటి ముక్క అది." ముఖం కాస్త గంభీరంగా పెట్టాడు. "అయితే మందునీళ్లు లేవు. ఎండ సూస్తే మాడిపోతన్నాది. మళ్లీ బండి ఎప్పుడో. మాంసం ఎంతసేపుంటాది? కంపు కొట్టిన ముక్క ఇస్తే డాక్టర్లు పారెయ్యరేటి? కొట్లో రాళ్లుప్పు కొన్నాను. కుళాయికాడ ముక్క కడిగినాను. తీరా సూస్తే ఏటి బావా, పేగుకి ఇంత కొవ్వు వొగ్గీసినారు! సదువుకున్నోళ్లు కదా, కొవ్వుంటే ఉప్పు లోనికి పట్టదని తెలీదేటి? ముందు కుళ్లిపోయేది కొవ్వే. నా కత్తి నడుముకాడే ఉన్నాది. శుబ్బరంగా గీసీసినాను. ఒక్క పోగు లేకుండా. లోన ఉప్పేసి, మీద ఉప్పేసి, రేకుడబ్బాలో పెట్టి పట్టుకెళ్లి ఇచ్చినాను. తీసుకున్నాయన మూత తీసి 'ఇదేటిరా' అన్నాడు. 'పేగే బాబూ, కంపు లేదు, వాసన సూసుకోండి' అన్నాను."

"కొవ్వు ఏం చేశావు?"

"ఏటి సేస్తాను? కుళాయికాడ కుక్క ఉన్నాది."

లక్ష్మణమ్మ గ్లాసు కడగడానికి బయటికి వెళ్లింది. చాలాసేపటికి వచ్చింది. కుళాయి దగ్గర రద్దీగా ఉందంది. ఆవిడ ఈ చివరి మాటలు వినలేదనుకుంటాను.

ఎల్లాజీ నా ముఖం చూస్తున్నాడు.

"మంచి పని చేశావు" అన్నాను.

అక్టోబరు 21

దీపావళి. బయట టపాకాయలు.

కొత్తవలస.

అక్టోబరు 23

డాక్టరుకు చెప్పాను. ఎల్లాజీ లేనప్పుడు. ఆయన వింటూ కుర్చీలో వెనక్కి వాలాడు. కొవ్వు మాట వచ్చేసరికి ముందుకు వచ్చాడు.

"మొత్తమా?"

"ఒక్క పోగు లేకుండా అన్నాడు."

కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పరాయి మనిషి అయితే సీసా పగిలిన చోటే అంతా పారేసి చేతులు కడుక్కునేవాడు" అన్నాడు. "అప్పుడసలు ఏమీ ఉండేది కాదు. విశాఖపట్నంలో పాథాలజిస్టు తాయారుగారికి చెబుతాను. మిగిలినదాంట్లో ఏం దొరికితే అదే."

మళ్లీ తీసి చూడడానికి లేదా అని అడిగాను. లేదన్నాడు. జబ్బు పక్కనున్న కొవ్వంతా ముక్కతో పాటే తీసేశాడట. అలా తీయడమే పద్ధతి.

బాగా తీశారన్నమాట. కుక్కకు.

ఈ వాక్యం కొట్టెయ్యాలి. ఉండనీ.

అక్టోబరు 25

ఎల్లాజీకి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెబితే నాకు ఏమి వస్తుందో రాసుకోబోయాను. రాయడానికి ఏమీ రాలేదు. వాడికేమి వస్తుందో తెలుసు. మా మావ, అంటే వాడి తండ్రి, సముద్రంలో పోయినప్పుడు, ఆ రోజు పడవ దించమన్నది తానేనని వాడు రెండేళ్లు సముద్రం ముఖం చూడలేదు. అప్పుడు వాడి తప్పు లేదు.

చెప్పను.

ఎల్లాజీ ఆసుపత్రిలో అందరికీ స్నేహితుడయ్యాడు. దానమ్మకు వంజరం తెచ్చిచ్చాడు. ఆవిడ వాణ్ని "ఉప్పు డాక్టరు" అంటోంది. ఆవిడకు కొవ్వు సంగతి తెలీదు. వాడికి ఆ పేరు బాగా నచ్చింది.

అక్టోబరు 30, శ్రీకాకుళం

ఇంటికి వచ్చాం. నాలుగు అడుగులు వేస్తే చెమట. బెల్టుకు ఇంకో బెజ్జం.

నవంబరు 3

సి కాదని ఎందుకనుకుంటున్నానో రాయబోయాను. ఆధారం ఒక్కటీ లేదు. కాలేయం నున్నగా ఉండడం దీనికి ఆధారం కాదు. డాక్టరు స్పష్టంగా చెప్పాడు.

వరదల్లో తాసీల్దార్లు "ప్రాణనష్టం ఉండకపోవచ్చు" అంటే నాకు ఒళ్లు మండేది. ఉండకపోవచ్చు ఏమిటి? లెక్కపెట్టారా లేదా?

నవంబరు 6, విశాఖపట్నం

లక్ష్మణమ్మ వద్దన్నా వచ్చాను. జవాబు తపాలాలో రావడానికి ఇంకా వారం పడుతుందట. ఎల్లాజీ తోడు వచ్చాడు. అడ్డు చెప్పడానికి కారణం దొరకలేదు.

బండి కొత్తవలసలో ఆగింది. ఎల్లాజీ నన్ను లేపాడు. నేను నిద్రపోవడం లేదు.

"అదే బావా కుళాయి."

చూశాను. సిమెంటు గట్టు, ఇత్తడి కుళాయి, కింద తడి. ఒక ఆడమనిషి బిందె పట్టుకుంటోంది. కుక్కలు రెండు ఉన్నాయి. ఏ కుక్క అని అడగలేదు. బండి కదిలింది.

డాక్టర్ తాయారు ఆసుపత్రిలో ఒక మూల గదిలో ఉంటారు. ఫార్మలిన్ గాటు. ఎల్లాజీ వాసన చూసి "ఇదే, ఇదే బావా" అన్నాడు. వాణ్ని వరండాలో కూర్చోబెట్టి లోపలికి వెళ్లాను. ఆవిడకు యాభై దాటి ఉంటాయి. తల నెరిసింది. నన్ను నిలువెల్లా చూసి కుర్చీ చూపించింది.

"రోగి స్వయంగా రావడం ఇక్కడ అరుదు. మామూలుగా మాకు ముక్కలే వస్తాయి."

విలేఖరినని చెప్పాను. నాకు చెప్పగలిగిందంతా చెప్పమన్నాను. ఆవిడ చెప్పింది.

జబ్బు పేగు గోడ పొరలన్నీ దాటింది. కాబట్టి 'ఏ' కాదు. రెండు కొసలా శుభ్రంగా ఉంది, కోసిన చోట జబ్బు మిగల్లేదు. అప్పటికే రెండ్రోజులు ఫార్మలిన్‌లో నానింది కాబట్టి ముక్క లోపల బాగానే ఉంది.

"ఇక గింజలు. నాకు మామూలుగా ఇలాంటి ముక్కలో డజను, ఒక్కోసారి ఇరవై దొరుకుతాయి. దీంట్లో కొవ్వే లేదు. సర్జన్ రక్తనాళానికి ముడి వేసిన చోట దారం కింద మాత్రం కాస్త ఉంది. కత్తి అక్కడికి పోలేదు. ఆ కాస్తలో ఒక్క గింజ దొరికింది. కోసి చూశాను. శుభ్రంగా ఉంది."

"అంటే బి."

"ఆ గింజ మటుకు శుభ్రంగా ఉంది. ముడి దగ్గరది కాబట్టి అన్నిటికంటే దూరపుది. అది శుభ్రంగా ఉండడం మంచి సంగతే. మధ్యలో ఉన్నవాటి గురించి అది ఏమీ చెప్పదు."

కాలవ చివరి ఊరు తడవలేదు. మధ్య ఊళ్ల సంగతి తెలీదు.

"ఒకటి చాలుతుందా?"

"చాలదు" అంది. మెత్తగా చెప్పలేదు. దానికి ఆవిడ మీద గౌరవం కలిగింది. "కాగితం మీద బి అని రాస్తాను. పక్కనే, చూసిన గ్రంథులు ఒకటి అని రాస్తాను. రెండూ కలిపి చదవాలి."

అప్పుడు బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగింది:

"కొవ్వు తీసిన కోత చాలా నున్నగా ఉంది. ఎవరు చేశారు?"

నేను జవాబు చెప్పేలోపు ఎల్లాజీ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. బయట కూర్చోవడం వాడి వల్ల కాదు. చేతిలో తువ్వాలు, నడుముకు కత్తి, ఒంటిమీద మా ఊరి వాసన. ఆవిడ వాణ్ని చూసింది, కత్తిని చూసింది, నన్ను చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. చాలా కొద్దిగా.

"ఉప్పు వేసింది నువ్వేనా?" అని వాణ్ని అడిగింది.

"నేనేనమ్మా. పాడయినాదేటి?"

"ముక్క పాడవలేదు."

"సూసినావా బావా!" అన్నాడు ఎల్లాజీ.

ఆవిడ చెప్పిన ప్రతి మాటా నిజం. ఇన్నేళ్లలో ఎందరో అధికార్లు నాతో ఇలా నిజం చెప్పి ఉంటారు. అప్పుడు కోపం వచ్చేది.

నవంబరు 9, విజయనగరం

డాక్టర్ నరసింగరావు కాగితం రెండుసార్లు చదివాడు.

"సి అని రూఢి అయితే మద్రాసు పంపేవాణ్ని. అక్కడ కొత్త మందు సూదిలో ఇస్తున్నారు. కొందరికి పనిచేస్తోంది, కొందరికి చెయ్యడం లేదు. అందరికీ ఒంట్లో నలత చేస్తుంది. నెలల తరబడి అక్కడే ఉండాలి. బి అని రూఢి అయితే పంపేవాణ్ని కాదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నాకు తెలీదు. మీరు చెప్పండి."

డాక్టరు తెలీదనడం మొదటిసారి విన్నాను. ఆయన కిటికీ బయటికి చూడలేదు, కాగితాలు సర్దలేదు. నన్నే చూస్తున్నాడు.

ఆయన స్థానంలో ఉంటే ఏం చేస్తాడని అడగాలనుకున్నాను. అడగలేదు. అది కూడా ఒక్క మనిషి మాటే అవుతుంది.

మద్రాసు వెళ్లనన్నాను. సరే, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నాడు. కాలేయం తడిమి చూస్తాడు, గొట్టంతో చూస్తాడు. ఐదేళ్లు.

"మీవాళ్లకు ఏం చెబుతారు?" అన్నాడు వచ్చేటప్పుడు.

నవంబరు 10, శ్రీకాకుళం

ఎల్లాజీ రాత్రే వచ్చి ఉన్నాడు. పొద్దున్న వీధి అరుగు మీద కూర్చుని పక్కింటి జోగయ్యకు చెబుతున్నాడు. లోపలికి అంతా వినిపిస్తోంది.

"పెద్ద డాక్టరమ్మ అన్నాది, ముక్క పాడవలేదని. నేను ఉప్పెయ్యకపోతే ఏటయ్యుండేది సెప్పు? మా బావకి ఏ రోగమో తెలీకుండానే పోయుండేది. మందునీళ్లు మందునీళ్లంటారు గాని, ఉప్పు ముందు ఏటీ పనికిరాదు."

"నువ్వు డాక్టరీ సదవాల్సినోడివిరా" అన్నాడు జోగయ్య.

"సదివిస్తే సదివీవాణ్నే!"

నేను ఖండన ఇవ్వలేదు.

మధ్యాహ్నం ఎల్లాజీ బస్సెక్కాడు. లక్ష్మణమ్మ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని, వాడు తెచ్చిన చేపలు కోస్తోంది. నేను గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాను. చేప పొట్ట చీల్చింది, వేలితో లోపలిదంతా లాగింది. అటు చూడకుండానే అడిగింది.

"ఏటి సెప్పినారు మావా?"

"బి."

"గింజల్లో లేదన్నమాట."

"లేదు."

కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

"రూఢీయేనా?"

ఇరవై ఏళ్లలో ఒక్క నోటి మాట మీద నేను వార్త పంపలేదు.

"రూఢీయే" అన్నాను.

ఆవిడ ఇంకో చేప తీసుకుంది. మొప్పలు తీసింది. పొట్ట చీల్చింది. పసుపు కొవ్వు వేలితో గీకి, కాకులకు వెయ్యకుండా, పక్కనున్న ఆకులో పెట్టి మడిచింది. నీళ్లు చల్లి కత్తిపీట కడిగింది. అప్పుడు నా వైపు చూసింది.

"మా తమ్ముడికి మాత్రం ఎప్పుడూ సెప్పకు మావా" అంది.

సరే అన్నాను.